ఒలిచిన కొద్దీ బయటపడిన ఇల్లు

విజయనగరం కోటకు పది నిమిషాల నడక దూరంలో ఉన్న మా తాతగారి ఇంటిని, ఊరికి వచ్చేవారికి బస, ఉదయం ఫలహారం ఇచ్చే ఇల్లుగా మార్చి మొన్న దసరాకు ఏడాది నిండింది. ఈ ఏడాదిలో చూడవచ్చిన బంధువులు, స్నేహితులు దాదాపు అందరూ ఒకే మాట అడిగారు: "ఇంతకీ కొత్తగా ఏమేం పెట్టించారు?" ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, పెట్టించినవి తక్కువ, తీయించినవే ఎక్కువ. పదిహేడు ట్రాక్టర్ల సిమెంటు పెళ్ళలు, వంటింటి పైనున్న సిమెంటు రేకులు, ద్వారబంధాల మీది రంగు పొరలు, హాలులో వేలాడదీసిన తెల్లని పలకల సీలింగు, నుయ్యి పక్కన కట్టిన ఇరుకు స్నానాల గది ఇవన్నీ బయటకు వెళ్ళిన తరువాతే ఇల్లు కనబడింది. పాత ఇంటిని బాగుచేయించుకోవాలని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని, మేము చేసిన పనులను, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ఇది మండువా ఇల్లు. నాలుగు వైపుల చూర్లు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. వీధి వైపు రెండు అరుగులు, అరుగుల వెనుక వీధి గది, ఆ తరువాత మండువా, దాని చుట్టూ నాలుగు పడక గదులు, వెనుక వంటిల్లు, దేవుడి గది, కొట్టుగదులు, పెరట్లో నుయ్యి, పశువుల సాల. గోడలు మూరెడు మందం ఉన్న ఇటుక, సున్నం గోడలు. దూలాలు టేకువి, వాసాలు చేవదేలిన తాటివి. వీధి భాగానికి బంగాళా పెంకు, వెనుక భాగానికి గూనపెంకు కప్పారు. కట్టి నూరేళ్ళు దాటింది.

ఈ ఇంట్లో బయటివారు తిని పడుకోవడం కొత్త సంగతి కాదు. 1919లో మొదలైన మహారాజా వారి సంగీత కళాశాలలో చదువుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలకు ఈ ఊరి ఇళ్ళు వారాలు ఇచ్చేవి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకొక ఇంట్లో భోజనం చేసి వారు చదువుకునేవారు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు మధూకరం ఎత్తుకొని సంగీతం నేర్చుకున్నది ఈ వీధుల్లోనే. మా ఇంట్లో గురువారం, శనివారం వారాల పిల్లలు ఉండేవారని, వారిలో ఒకరిద్దరికి వీధి గదిలోనే పడక ఉండేదని మా మామ్మ చెప్పేది. ఈ ఇంటిని అమ్మకుండా బసగా మార్చుదామని మావారు మొదటిసారి అన్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ మాటే.

మామ్మ పోయిన తరువాత ఇల్లు పదకొండేళ్ళు తాళం వేసి ఉంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు వెనుక భాగం పెంకులు సగానికి పైగా ఎగిరిపోయాయి. వాన లోపలికి కొట్టకుండా అప్పటికప్పుడు సిమెంటు రేకులు వేయించి ఊరుకున్నాము. అంతకు చాలా ముందే, 1980ల్లో, గోడలు పెళ్ళలు రాలుతున్నాయని లోపలా బయటా నిలువెత్తు సిమెంటు పూత వేయించారు. ఆ రెండు పనులూ ఇంటి మేలు కోరి చేసినవే. ఇంటికి ఎక్కువ నష్టం చేసినవి కూడా ఆ రెండే.

ఉమ్మడి ఆస్తి సంగతి క్లుప్తంగా చెబుతాను. పెద్దనాన్నగారి అబ్బాయిలు ఇద్దరికీ ఇందులో వాటా ఉంది. పని మొదలుపెట్టక ముందే ఇద్దరితో కూర్చొని, ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఆదాయం ఎలా పంచుకోవాలి, ఎన్నేళ్ళకు అన్నది కాగితం మీద పెట్టి రిజిస్టరు చేయించాము. పెద్దన్నయ్య ఒక్క షరతు పెట్టాడు: పండుగలకు వచ్చినప్పుడు తాను పుట్టిన గది తనకు ఖాళీగా ఉండాలి. అందువల్ల సంక్రాంతి నాలుగు రోజులూ ఆ గదిని ఎవరికీ ఇవ్వము. అన్నదమ్ముల మధ్య మాట ముందుగా తేలకపోతే, మంచి మేస్త్రి దొరికినా ఇల్లు బాగుపడదు.

ఇప్పుడు మొదటి పొరపాటు. పట్నంలో పేరున్న ఒక గుత్తేదారును పిలిచి చూపించాము. ఆయన ఇల్లంతా అరగంటలో చూసి, ఉత్తరపు గోడకు చెమ్మ ఎక్కింది కాబట్టి పాత పూత కొట్టేసి, చెమ్మను ఆపే రసాయనం కలిపిన సిమెంటుతో మళ్ళీ పూస్తే ఇరవై ఏళ్ళు చూసుకోనక్కరలేదని చెప్పారు. ఒప్పుకున్నాము. మాఘమాసంలో పూత అయింది, గోడ అద్దంలా వచ్చింది. శ్రావణం దాటేసరికి, అంతకు ముందు నడుము ఎత్తు వరకే ఉన్న చెమ్మ నా భుజం దాటింది. పూత పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక పొక్కును వేలితో నొక్కితే పగిలి, లోపలి నుంచి తెల్లని పొడి రాలింది. నాలుకకు తగిలిస్తే ఉప్పు. దాని వెనుక నూరేళ్ళ ఇటుక, గోరుతో గీస్తే రాలేటంత మెత్తబడి ఉంది.

ఎందుకిలా జరిగిందో మాకు అర్థమయ్యేలా చెప్పినవాడు గంట్యాడ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలి తాపీ మేస్త్రి. గుడి ప్రాకారాలకు సున్నం పని చేసిన చేయి అని తెలిసి కబురు పెట్టించాము. ఆయన గోడను అరచేత్తో తడుముతూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, అరుగు మీద కూర్చొని అన్నాడు:

"ఈ గోడ అడుగు నుంచి నీరు తాగతాదమ్మా. మీ తాతగారు కట్టించినప్పుడూ తాగింది, ఇప్పుడూ తాగతాది. తాగిన నీరు ఏటో ఒక దారిన పోవాల గదా. సున్నం గోడైతే ఎక్కడికక్కడ ఆరిపోద్ది. నువ్వు సిమెంటేసి దారి మూసేసినావు. మరింక పైకే పాకుతాది."

"మరి ఇప్పుడేం చేయాలి తాతా?"

"ఒలిచెయ్యాల. అంతా ఒలిచెయ్యాల. ఒలిచి ఒక ఏసంగి ఊరికే ఒగ్గెయ్యాల."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ కాలపు ఇళ్ళకు పునాది మీద చెమ్మను అడ్డుకునే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల గుండా కొంత ఎత్తు వరకు ఎక్కుతుంది. పూత సున్నానిదైతే ఆ తేమ పూతలో నుంచి గాలిలో కలిసిపోతుంది. సిమెంటు పూత గట్టిగా, చిక్కగా ఉండి ఆ తేమను బయటకు పోనివ్వదు. నీటితో పాటు ఎక్కిన లవణాలు పూతకూ ఇటుకకూ మధ్య గడ్డకట్టి, ముందు పూతను తోసేస్తాయి, తరువాత ఇటుకను తినేస్తాయి. మా గోడలకు పట్టిన జబ్బు చెమ్మ కాదు, నలభై ఏళ్ళ క్రితం వేసిన మందు.

ఒలవడానికి రెండు నెలలు పట్టింది. సుత్తి గట్టిగా వేస్తే పూతతో పాటు ఇటుక ముఖం ఊడివస్తుంది. అందువల్ల చిన్న ఉలితో, చదరం చదరంగా కొట్టించాము. కూలీ లెక్కన చూస్తే ఇదే అన్నిటికన్నా ఖరీదైన పని, పైగా చూడవచ్చినవారికి ఇల్లు కూల్చేస్తున్నట్టు కనిపించే పని. గోడలు ఒలిచిన తరువాత ఒక వేసవి అంతా అలాగే వదిలేశాము. వారానికి ఒకసారి మెత్తని కుంచెతో గోడల మీదికి వచ్చిన ఉప్పును దులిపి, చేటలోకి ఎత్తి దూరంగా పారబోశాము. జ్యేష్ఠం నాటికి ఇటుక రంగు మారింది. ముదురు ఎరుపు నుంచి లేత కాషాయంలోకి వచ్చినప్పుడు, గోడ ఆరిందని మేస్త్రి ఒప్పుకున్నాడు.

సున్నం పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని తెలిసినవారు మా చుట్టుపక్కల చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది మిగిలారు. పెరట్లో గుంట తవ్వి, ఇటుకలు పరచి, అందులో రాతి సున్నం వేసి నీళ్ళు పోశారు. సున్నం పగిలి, పొంగి, కుతకుత ఉడికింది. ఆ దగ్గరలోకి పిల్లలను రానివ్వకూడదు, కంట్లో పడితే చూపు పోతుంది. ఉడికిన సున్నాన్ని వడగట్టి, పైన నాలుగు వేళ్ళ లోతు నీరు నిలబెట్టి నలభై రోజులు ఉంచాము. ఎంత ఎక్కువ కాలం నీటి కింద ఉంటే అంత వెన్నలా అవుతుంది. మరొక పక్క కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లంతో పాటు కాగుల నీటిలో నానబెట్టారు. పదిహేను రోజులకు ఆ నీరు నల్లబడి, పులిసిన తాటికల్లు వాసన వేసింది. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళ కడిగిన ఇసుక, గోడల అడుగు భాగానికి మాత్రం ఇసుకలో కొంత తగ్గించి మెత్తని ఇటుక పొడి. ఇటుక పొడి కలిస్తే సున్నం తేమలో కూడా గట్టిపడుతుంది. వీటన్నిటినీ ఆ కరక్కాయ నీటితో తడిపి నూరాలి. ఎడ్లు తిప్పే గానుగ మాకు ఎక్కడా దొరకలేదు. నలుగురు ఆడవాళ్ళు రోకళ్ళతో దంచారు. దంచిన ముద్ద తాపీకి అంటుకొని, తాపీని తలకిందులు చేసినా జారకుండా నిలిస్తేనే మేస్త్రి గోడ మీదికి తీసుకునేవాడు.

కార్తీకం నుంచి మాఘం వరకు పూత నడిచింది. ఎండ, గాలి నేరుగా తగిలితే సున్నం బీటలిస్తుంది కాబట్టి పూసిన గోడలకు తడి గోనెలు వేలాడదీసి ఉంచాము. పూత మొదటి పొర ఆరడానికి మూడు వారాలు, రెండవ పొరకు అంతకన్నా ఎక్కువ. సిమెంటు నీటితో గట్టిపడుతుంది, సున్నం గాలితో గట్టిపడుతుంది: గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మళ్ళీ రాయి అవుతుంది. దానికి తొందర లేదు, మనమే ఓర్చుకోవాలి. చివరి నునుపు పూతను మేస్త్రి నాగావళి గులకరాయితో రుద్దాడు. ఆ రాయి ఆయన తండ్రి వాడినదట. అరచేతిలో సరిగ్గా ఇమిడిపోయేటట్టు ఒక పక్క అరిగిపోయి ఉంది. రుద్దిన చోట గోడ, పాల మీగడ తరక రంగుకు వచ్చింది. ఆ గోడల మీద రంగు వేయలేదు. ఏడాదికి ఒకసారి వెల్ల వేస్తే చాలు.

వంటింట్లో ఒక గోడకు అదృష్టవశాత్తు సిమెంటు పడలేదు, వెల్ల మీద వెల్ల వేస్తూ వచ్చారు. ఆ పొరలను మెల్లగా గీకుతుంటే, పొయ్యి పక్కన, కూర్చుంటే చేయి అందే ఎత్తులో, జేగురుతో గీసిన నిలువు గీతలు బయటపడ్డాయి. నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. మళ్ళీ నాలుగు, ఒకటి. మామ్మ పాల లెక్క. కొన్ని చోట్ల గీతకు బదులు చిన్న సున్నా ఉంది. అది పాలు రాని రోజని పిన్ని చెప్పింది. ఆ చదరపు గజం గోడను మేము అలాగే ఉంచాము. మేస్త్రి దాని చుట్టూ పూత వేసి, అంచులను వేలితో గుండ్రంగా మలిచాడు.

పైకప్పు పని దీనితో పోలిస్తే తేలిక. ఆ పాత సిమెంటు రేకులలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది కాబట్టి వాటిని పగలగొట్టకుండా, నీటితో తడిపి, సన్నని దుమ్మును ఆపే మాస్కులు పెట్టుకొని నిండుగా దించాలి. వాసాలలో పాతిక వరకు చెదలు తిన్నవి మార్చాము, తక్కినవాటికి బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు పట్టించాము. బంగాళా పెంకులు పాత ఇళ్ళు పడగొడుతున్న చోట్ల దొరికాయి. గూనపెంకులకే కష్టపడ్డాము. గూనపెంకును కుమ్మరి చక్రం మీద కుండలా గొట్టంగా లాగి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి కాలుస్తాడు. ఆ పని ఇప్పటికీ చేస్తున్న ఒక కుటుంబాన్ని వెతికి పట్టుకొని, నాలుగు వేల పెంకులు చేయించాము. వాటికి ఒక ఆవం, అంటే కుమ్మరి బట్టీ, సరిపోలేదు, మూడుసార్లు కాల్చవలసి వచ్చింది. కోతుల బెడద మాత్రం తీరలేదు. అవి పెంకులు కదుపుతూనే ఉంటాయి. నెలకు ఒకసారి మనిషిని పైకి ఎక్కించి సర్దించడం ఇంటి ఖర్చులో శాశ్వతంగా చేరింది. మండువా మీద పూర్వం ఉన్న ఇనుప ఊచలనే తుప్పు గీకించి మళ్ళీ బిగించాము.

నేల గురించి చాలామంది మమ్మల్ని మందలించారు. అతిథులు వచ్చే ఇంటికి గ్రానైటు వేయించక ఆ పాత ఎర్ర గచ్చు ఏమిటన్నారు. ఆ గచ్చు మీద చెప్పులు లేకుండా మధ్యాహ్నం పూట నడిచినవారు ఎవరూ ఆ మాట అనరు. బీటలు వారిన చోట అదే రంగు కలిపి పూడ్చి, కొబ్బరి నూనె చుక్కలతో గుడ్డ పెట్టి రుద్దితే మూడు నెలలకు మెరుపు తిరిగి వచ్చింది. అతుకులు కనిపిస్తాయి. కనిపించనివ్వండి.

అన్నిటికన్నా కఠినమైన నిర్ణయం స్నానాల గదులది. మా పెద్దల కాలంలో స్నానం నూతి దగ్గర, మరుగుదొడ్డి పెరటి చివర. డబ్బు ఇచ్చి ఉండేవారు గదికి ఆనుకొని ఉండాలని కోరుకోవడం న్యాయమే. నాలుగు పడక గదులు ఉన్నా, చివరికి మూడింటినే అతిథులకు ఇవ్వగలుగుతున్నాము. నాలుగవ గదికి స్నానాల గది కట్టాలంటే అది దేవుడి గది గోడకు ఆనుకొని వస్తుంది. పిన్ని వద్దన్నది. అప్పుడు ఆదాయం లెక్క చూసి నేను వాదించాను, మావారు కూడా వాదించారు, ఆవిడ ఒక్క మాటే అన్నది: "ఆ గోడకు అవతల మీ మామ్మ యాభై ఏళ్ళు దీపం పెట్టింది." ఆ గదిలో ఇప్పుడు మేమిద్దరం ఉంటున్నాము. మిగిలిన మూడింటిలో ఒకదానికి కొట్టుగదిని, రెండింటికి పశువుల సాలలో కొంత భాగాన్ని వాడాము. పాత గోడలలో ఒక్క గొట్టం కూడా దూర్చలేదు. స్నానాల గదులకు లోపలి వైపు వేరుగా గోడ లేపి, పాత గోడకూ దానికీ మధ్య జానెడు ఖాళీ వదిలి, గొట్టాలన్నీ ఆ ఖాళీలో నడిపాము. ఎప్పుడు కారినా ముందు అక్కడే తెలుస్తుంది. మురుగు గుంట నూతికి ఎంత వీలైతే అంత దూరంగా, పెరటి అవతలి మూలన తవ్వించాము. ఎవరైనా ఈ పని తలపెడితే, మొట్టమొదట నీళ్ళు ఎటు వస్తాయి, ఎటు పోతాయి అన్నది కాగితం మీద గీసుకొని, ఆ తరువాతే తక్కిన ఆలోచన చేయమని చెబుతాను.

కరెంటు తీగలు పూర్తిగా మార్చాము. గోడలు తొలవకుండా పాత పద్ధతిలోనే చెక్క పట్టీల మీద పైకి కనిపించేలా నడిపించి, మెయిన్ దగ్గర లీకేజీకి ఆగిపోయే బ్రేకరు పెట్టించాము. పెంకు కింద నేరుగా ఉన్న గదికి ఏసీ పెట్టడం దండగ, చల్లదనం పెంకుల సందుల్లో నుంచి పోతుంది. చెక్క అటక ఉన్న రెండు గదులకే పెట్టించాము. మూడవ గదికి రెండు ఫంకాలు, అద్దె తక్కువ.

కాగితాల విషయానికి వస్తే, కేంద్ర పర్యాటక శాఖ వారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం మా వంటి ఇళ్ళకు సరిపోయేది. ఒకటి నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు పడకలకు మించకుండా, ఇంటివారు అదే ఇంట్లో కాపురముంటూ ఇవ్వాలన్నది దాని మూల నియమం. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటలలోగా వారి వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. వంట పెడతాము కాబట్టి ఆహార భద్రత నమోదు కూడా ఉండాలి. ఇవన్నీ ఓపికతో అయ్యే పనులే.

అలంకరణలో కూడా మొదట తప్పటడుగు వేశాను. పాతగా కనిపించేటట్టు తయారుచేసిన ఇత్తడి దీపాలు, చెక్క గుర్రాలు, రాజుల బొమ్మల పటాలు విశాఖపట్నంలో ఒక దుకాణంలో కొని తెచ్చాను. సున్నపు గోడల పక్కన పెట్టేసరికి అవి పరాయి వస్తువులుగా తేలిపోయాయి. అన్నీ తిరిగి ఇచ్చేశాను, సగం డబ్బే వచ్చింది. తరువాత అటక మీది సామాను దింపించాము. తాతగారి పడక కుర్చీ, పందిరి మంచం, ఉయ్యాల బల్ల, గొలుసులు, భోషాణం పెట్టె, రెండు గంగాళాలు, మామ్మ పెళ్ళినాటి కావడి పెట్టె. ఇల్లు అలంకరించడానికి ఇవి చాలు. భోషాణానికి మూడు పొరల రంగు ఉంది: పైన ముదురు గోధుమ, కింద బూడిద నీలం, ఆ కింద ఆకుపచ్చ. పాత రంగులలో సీసం ఉంటుందని తెలిసి, దుమ్ము లేవకుండా తడిపి తడిపి గీకించాము. అడుగున టేకు బయటపడి, అవిసె నూనె పట్టించేసరికి తేనె రంగుకు వచ్చింది. వీధి తలుపు గడపకు మాత్రం ఏమీ చేయలేదు. దాని నడుమ పసుపు కలపలోకి ఇంకిపోయి ఉంది.

కొన్నవాటిలో నాకు తృప్తి ఇచ్చినవి రెండే. ఒకటి పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి వడికే ఆ సన్న నూలు గుడ్డను వీధి గది కిటికీలకు పలుచని తెరలుగా వేశాము. కుట్టించక ముందే రెండుసార్లు ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టిన తరువాత కుదించుకుపోతుంది. ఉదయం ఏడు గంటలకు అరుగు మీది ఎండ ఆ తెరలో నుంచి వచ్చి గచ్చు మీద పడుతుంది. ఆ గదిలో దిగినవారు నిద్ర లేవగానే మొదట చెప్పేది దాని గురించే. రెండవది శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి తెచ్చిన ఇత్తడి, కంచు సామాను. గదికొక మరచెంబు, మండువా మూలకొక పెద్ద బిందె. చింతపండుతో వారానికి ఒకసారి తోమడానికి మనిషి కావాలి, ఆ శ్రమకు సిద్ధమైతేనే ఇత్తడి కొనాలి. బొబ్బిలి వీణ ఒకటి కొని గోడకు తగిలిస్తే బాగుంటుందని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. గొల్లపల్లి పనివారు పనస దుంగను తొలిచి అంత శ్రద్ధగా చేసిన వాద్యాన్ని మేకుకు తగిలించడానికి నాకు మనసు ఒప్పలేదు. వాయించేవారు ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు కొంటాము.

ఫలహారం సంగతి వారాల పిల్లల నుంచే నేర్చుకున్నాము. మామ్మ వారికి ప్రత్యేకంగా ఏదీ వండేది కాదట, ఇంట్లో ఏది ఉంటే అదే. మేము కూడా జాబితా పెట్టలేదు. ఒక రోజు ఉప్పుడుపిండి, ఒక రోజు దిబ్బరొట్టె, బెల్లం పాకం, ఒక రోజు ఇడ్లీ, ఇంకొక రోజు పలాస జీడిపప్పు వేసిన ఉప్మా. వేసవిలో చోడి (రాగి) అంబలి, కావాలన్నవారికి తరవాణి (పులిసిన గంజి) అన్నం, ఆవకాయ. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తరవాణి వాసన చూసి, తన తల్లిది పార్వతీపురం అని చెప్పి, మరి మాట్లాడకుండా రెండు గిన్నెలు తాగారు. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్ళలో, మండువా చుట్టూ పీటలు వేసి వడ్డిస్తాము. కింద కూర్చోలేనివారికి బల్ల ఉంది.

మొదటి అతిథులు దిగింది నిరుడు సిరిమానోత్సవానికి. విజయదశమి వెళ్ళిన తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే చివర పూజారి కూర్చున్న పొడవైన మాను, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజున ఊళ్ళో తల దాచుకోవడానికి చోటు దొరకదు. మూడు గదులూ నిండాయి, అడిగి వచ్చిన ఇంకొక కుటుంబానికి అరుగు మీద చాపలు వేసి ఇచ్చాము, వారి దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ సాయంత్రం జనం వీధి నిండా కదులుతుంటే ముసలి మేస్త్రి కూడా మనవడిని భుజం మీద ఎక్కించుకొని వచ్చాడు. లోపలికి పిలిస్తే వచ్చి, ముందు ఉత్తరపు గోడ దగ్గరకు వెళ్ళి అరచేయి ఆనించి చూసి, ఆ తరువాతే మంచినీళ్ళు తాగాడు.

ఇంకా ఒక కొట్టుగది మిగిలి ఉంది. దాని నాలుగు గోడలకూ ఆ పాత సిమెంటే ఉంది, డబ్బు చాలక అప్పుడు వదిలేశాము. ఈ వానాకాలంలో చెమ్మ మరొక జానెడు ఎక్కింది. పోయిన శుక్రవారం పెరట్లో గుంట మళ్ళీ తెరిచి సున్నం వేయించాము. మధ్యాహ్నం వరకు ఉడికింది. పైన నీరు నిలబెట్టి తాటాకులు కప్పాము. సంక్రాంతి వెళ్ళాక ఉలి పట్టుకొని వస్తానని మేస్త్రి చెప్పాడు.